ఆముదం కలిపిన పసుపు

తెనాలిలో కాలవ గట్టు మీద పున్నారావు సరుగుడు కర్రల డిపో అంటే తెలియనివాళ్లు లేరు. పెళ్లి పందిరికి రాటలు కావాలన్నా, స్లాబు కింద ఊతానికి కర్రలు కావాలన్నా అక్కడికే వెళ్లాలి. బాపట్ల అవతల సముద్రం ఒడ్డు తోటల్లో కొట్టిన కర్ర లారీలకెత్తి తెచ్చుకుంటాడు. సరుకు మంచిది, మనిషి మంచివాడు. ఒక్క ఆగస్టు నెలలోనే ఆయనకి పిచ్చి పడుతుందని బజారంతా అనుకునేవాళ్లు.

ఆగస్టులో స్కూళ్లవాళ్లూ, ఆఫీసు బంట్రోతులూ జెండా కర్రల కోసం వస్తారు. పెళ్లి రాటని కూలీల చేత మోయించి పంపించే పున్నారావు, జెండా కర్రని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు అడ్డంగా పెట్టుకుని, పొడిగుడ్డతో మొదలు నుంచి చివర దాకా తుడిచేవాడు. ఆరనిచ్చి మళ్లీ తుడిచేవాడు. గిలకలో తాడు వేసి పైకీ కిందికీ లాగి చూసేవాడు. తర్వాత తనే వెంట వెళ్లి పాతించి, జెండా ఎగిరేదాకా అక్కడే నిలబడేవాడు. ఓసారి ఓ హైస్కూల్లో తాడు చిక్కుకుంటే డ్రిల్లు మాస్టారు ఓ కుర్రాణ్ణి ఎక్కించబోయాడు. పున్నారావు ఆ మాస్టారి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. మొత్తం కర్రని పీకించి, పడుకోబెట్టి, చిక్కు తీసి మళ్లీ పాతించాడు. ముఖ్య అతిథి ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఏవయ్యా పున్నారావ్, ఆ కర్రకి తలంటు పోసి సాంబ్రాణి కూడా వేస్తావా ఏంటి?" అనేవాడు ఎదురు టీకొట్టు నరసింహం.

"నీ పాలలో నీళ్లు నువ్వు చూసుకోవయ్యా" అనేవాడు పున్నారావు.

దేశభక్తుడని కొందరు మెచ్చుకునేవాళ్లు. ఆ మాట వింటే పున్నారావు మొహం మాడిపోయేది. భార్య ధనలక్ష్మికి మాత్రం ఇంకో అనుమానం ఉండేది. ఈ మనిషికి పసుపంటే పడదు. తమ పెళ్లిలో పందిరి రాటకి పసుపు రాస్తుంటే లేచి పెరట్లోకి పోయాడు. పసుపు కలిపిన చేత్తో ఆవిడ అన్నం వడ్డించబోతే కంచం పక్కకి జరిపేవాడు. "లోకంలో ఉల్లిపాయ పడనివాళ్లుంటారు, వంకాయ పడనివాళ్లుంటారు. పసుపు పడని మొగుడు నాకే దొరికాడు" అని ఆవిడ నవ్వుతూనే అనేది. పున్నారావు నవ్వేవాడు కాదు.

స్వతంత్రం వచ్చి పాతికేళ్లయిన ఏడు, డెబ్బై రెండులో, ఆగస్టు మొదట్లో డిపోకి ఓ మాస్టారు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"రావయ్యా, లోపలికి రా. ఏ స్కూలు? ఎంత కర్ర కావాలి?" అన్నాడు పున్నారావు.

"కర్ర కోసం రాలేదండి. మాది ఇసకమూడి పల్లె. దేవదానం గారి అబ్బాయినండి. ఏసుబాబు."

పున్నారావు చేతిలో గుడ్డ కింద పడిపోయింది. తీసుకోవటానికి వంగి, కాస్త ఎక్కువసేపే వంగి ఉన్నాడు.

ఇసకమూడి పున్నారావు సొంతూరు. చెరుకుపల్లికి అవతల, కాలవ మీద ఉంటుంది. వరి పండే నేల, పెద్ద రైతులు. కాలవకి అవతలి గట్టున క్రైస్తవుల పల్లె. పున్నారావు అన్న పూర్ణచంద్రరావు ఇప్పుడు ఆ ఊరి ప్రెసిడెంటు. పాతికేళ్ల పండగ ఘనంగా చేస్తున్నాడు. మొదటి జెండా కర్ర పాతింది తన తమ్ముడే గనక, ఈసారీ వాడి చేతే పాతించి, వేదిక మీద దండ వేస్తామని కబురు కూడా పెట్టాడు.

"మీకు సన్మానమటగా అండి" అన్నాడు ఏసుబాబు. "మైకు ముందు మాట్లాడమంటారు గదా. ఒక్క మాట చెప్పండి చాలు. మా నాన్న ఆ రోజు తాగి లేడని. మీరు పక్కనే ఉన్నారు. ఊళ్లో పెద్దవాళ్లెవరూ ఆ మాట ఎత్తనివ్వట్లేదు. మా అమ్మ పెద్దదైపోయిందండి."

"చూద్దాం" అన్నాడు పున్నారావు.

"చూద్దాం అంటే చెప్తారనాండి, చెప్పరనాండి?"

పంతులు గదా, అలాగే అడుగుతాడు.  పున్నారావు టీ తాగి వెళ్లమన్నాడు. ఏసుబాబు తాగకుండానే నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఇది. నలభై ఏడులో పున్నారావు మీసాలు అప్పుడే దిద్దుకుంటున్న వయసు వాడు. ఊళ్లో జెండా పాతే పని తండ్రి వెంకట్రామయ్య అతనికి అప్పగించాడు. ఆ వేసవిలోనే అక్క పెళ్లికి పందిరి రాట పాతి ఉన్నాడు. రాటకి పసుపు రాసి బొట్లు పెట్టకుండా శుభకార్యమేంటి? స్వతంత్రం కంటే శుభకార్యం ఏముంటుంది? అందుకని జెండా కర్రకి కూడా పసుపు రాద్దామనుకున్నాడు. ముసురు పట్టి ఉంది. వట్టి పసుపు వానకి కారిపోతుంది. దానికి పున్నారావు బుర్ర పాదరసంలా పనిచేసింది. పసుపుని ఆముదంలో కలిపాడు. కర్రని నేల మీద పడుకోబెట్టి, మొదలు నుంచి చివర దాకా రెండు చేతులా పట్టించాడు. నిలబెడితే చినుకు కింద బంగారపు కడ్డీలా మెరిసింది. ఊరంతా "ఓహో" అంది. తండ్రి భుజం తట్టాడు.

తీరా జెండా లాగితే సగంలో ఆగిపోయింది. కొత్త కొబ్బరి తాడు వానకి ఉబ్బి గిలకలో ఇరుక్కుంది. ఊరి పెద్దలంతా నెత్తి మీద గొడుగులతో పైకి చూస్తున్నారు. ఎవడో ఒకడు ఎక్కాలి. వాళ్లింటి పాలేరు దేవదానం తాటిచెట్లెక్కి కమ్మలు కొట్టడంలో గట్టివాడు. పల్లె నుంచి పిలిపించారు. అప్పటిదాకా పల్లెవాళ్లు ఆ జెండా గద్దె దరిదాపులకి రాకూడదు. పసుపు రాసిన రాటని వాళ్లు తాకొచ్చా అని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఎక్కాల్సిన పని పడినప్పుడు అలాంటివి గుర్తు రావు.

దేవదానం కర్ర మీద చెయ్యి వేసి, "చిన్నబాబూ, జారుతుందే" అన్నాడు.

"తాటిచెట్టెక్కే మొనగాడివి, ఈ పుల్ల ఎక్కలేవా?" అన్నాడు పున్నారావు. నలుగురూ నవ్వారు. దేవదానం కూడా నవ్వాడు. పంచె బిగించి ఎక్కాడు.

చిక్కు విప్పాడు. జెండా రెపరెపలాడింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే, దిగబోతూ జారి, కొత్తగా కట్టిన ఇటికల గద్దె మీద పడ్డాడు. మంచం మీద వేసుకుని రేపల్లె ఆస్పత్రికి బయల్దేరారు గానీ దారిలోనే ప్రాణం పోయింది. ఇక్కడ పప్పుబెల్లాలు పంచటం ఆపలేదు. తెచ్చినవి ఏం చేస్తారు మరి?

సాయంత్రం మునసబు వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. వెంకట్రామయ్య కొడుకు వంక చూశాడు. "తాగి ఎక్కాడా ఏంట్రా?" అన్నాడు. అది ప్రశ్న కాదని పున్నారావుకి తెలుసు. అరచేతుల్లో పసుపు ఇంకా వదల్లేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వాసన వచ్చింది" అన్నాడు.

వాసన వచ్చిన మాట నిజమే. అది ఆముదం వాసన.

అంతటితో పోయేది. కానీ పల్లెలో క్రైస్తవ సంఘం వాళ్లు తాగుడంటే మండిపడతారు. సంఘపెద్ద మార్కు ఆ విషయంలో అగ్గిరాముడు. తాగి చచ్చినవాడి పేరు ప్రార్థన గుళ్లో తలవకూడదన్నాడు. పల్లెలో ఎవరు పోయినా, ఏటేటా ఆ రోజుకి గుళ్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాట పాడి, వాక్యం చదివి, పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు. దేవదానానికి అది లేకుండా పోయింది. ఆయన భార్య రాహేలమ్మ తన వాకిట్లోనే చాప వేసుకుని, కొడుకుని పక్కన కూచోబెట్టుకుని ఏటా తనే పాడుకునేది. ఆ రోజు ఊళ్లో మైకు. అవతలి గట్టు నుంచి దేశభక్తి గీతాలు వచ్చి ఆ పాటని మింగేసేవి.

పున్నారావు ఆ ఏడే ఊరొదిలాడు. చదువుకుంటానని బాపట్ల పోయాడు, చదువు ఎక్కలేదు. కర్రల తోటల్లో గుమాస్తాగా చేరాడు, తర్వాత తెనాలి వచ్చాడు. మళ్లీ కర్రలే పట్టుకున్నాడు. తప్పు చేసిన చోటే తచ్చాడటం కొందరికి అలవాటు.

సరే, ఏసుబాబు వచ్చి వెళ్లిన వారానికి పున్నారావు రేపల్లె పాసింజరెక్కి, అక్కణ్ణించి బస్సు పట్టుకుని ఊరెళ్లాడు. అన్న పంచాయతీ ఆఫీసులో రంగు కాగితాల తోరణాలు చూసుకుంటున్నాడు.

"అన్నయ్యా, పండగ రోజున దేవదానం పేరు ఎత్తాలి" అన్నాడు పున్నారావు, నిలబడే.

పూర్ణచంద్రరావు నవ్వాడు. "ఆ పంతులు నీ దగ్గరికీ వచ్చాడన్నమాట. ఒరే, పెళ్లిపీటల మీద కూచుని పాత శవాల్ని తలుచుకుంటారా? కలెక్టరాఫీసు నుంచి మనుషులొస్తున్నారు. పిల్లలు డాన్సు చేస్తారు. ఆ మధ్యలో నువ్వు చావు కబురు చదువుతావా?"

"ఆ చావు ఆ రోజుదే గదా. మనం పండగ చేసేదీ ఆ రోజుకే గదా."

"అయితే?"

"తాగి లేడన్నయ్యా."

పూర్ణచంద్రరావు తోరణం కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "నాకు తెలీదట్రా? ఆ పసుపు డబ్బాని కాలవలో పారేసింది ఎవరనుకున్నావ్? నాన్న పేరు గద్దె మీద చెక్కి ఉంది. పోయినాయన్ని ఇప్పుడు మైకులో నిలబెట్టి దొంగని చేస్తావా? నీకేం, తెనాలిలో ఉంటావు. రేపు కాలవకి అటూ ఇటూ ఉండాల్సింది మేం. నోరు మూసుకుని తాడు చూడు, దండ వేయించుకో, దిగిపో."

 పున్నారావుకి అన్న మీద కోపం రావాల్సింది. రాలేదు. నోరు మూసుకోమన్నందుకు లోపల్లోపల బతికిపోయాననిపించింది. తెనాలి తిరిగొచ్చాక ధనలక్ష్మితో ఆ మాటే చెప్పాడు. చెప్పాల్సి వచ్చి మొదట్నుంచీ అంతా చెప్పాడు. 

"ఇన్నేళ్లూ నా వంటలో తప్పుందనుకున్నా" అంది ధనలక్ష్మి. "మీ అన్నయ్య వద్దన్నాడంటున్నారు. అప్పుడు మీ నాన్న అడిగాడన్నారు. మీరెప్పుడండీ మాట్లాడేది?"

పండగ రోజు వచ్చింది. కర్ర తుడిచాడు. తాడు లాగి చూశాడు. జెండా ఏ అడ్డూ లేకుండా పైకి వెళ్లింది. పప్పుబెల్లాల రోజులు పోయాయి, లడ్డూలొచ్చాయి. గద్దె మీద వెంకట్రామయ్య పేరు చుట్టూ బంతిపూలు. పున్నారావు మెడలో దండ వేశారు. "మన ఊరికి మొదటి జెండా ఇచ్చిన చెయ్యి ఇదే" అని ఎవరో అన్నారు. పున్నారావు ఆ చేతిని పంచె మడతలో దాచుకున్నాడు. జనం చివర, కాలవ వంతెన దగ్గర ఏసుబాబు గొడుగు కనబడింది.

"రెండు ముక్కలు" అని మైకు చేతికిచ్చాడు అన్న. కళ్లతోనే గుర్తు చేశాడు.

పున్నారావు మూడు ముక్కలు మనసులో కూర్చుకుని వచ్చాడు. దేవదానం తాగలేదు. ఆముదం రాసింది నేను. అబద్ధం చెప్పింది నేను. 

"ఆ రోజు ఈ జెండా ఎగరలేదండి" అన్నాడు. జనం సద్దుమణిగింది. "తాడు ఇరుక్కుపోయింది. పల్లెలోని దేవదానం ఎక్కి విప్పాడు. ఆయన విప్పకపోతే జెండా లేదు. విప్పి, పైనుంచి పడి చనిపోయాడు. ఆయన..."

అంతే, ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కనున్నాయన అందుకున్నాడు. కలెక్టరాఫీసు నుంచి వచ్చినాయన కూడా లేచి నిలబడి కొట్టాడు. పూర్ణచంద్రరావు సమయం తెలిసిన మనిషి. తమ్ముడి చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, "జెండా కోసం ప్రాణమిచ్చిన మన ఊరి వీరుడు దేవదానానికీ..." అన్నాడు. "జై!" అంది ఊరు.

పున్నారావు మైకుని గట్టిగా పట్టుకోలేదు. పట్టుకుంటే అన్న లాక్కునేవాడు కాదు, అంతమందిలో. వదిలేశాడు. వదిలెయ్యగానే గుండెల మీంచి బండ దిగినంత హాయిగా ఉంది. ఆ హాయిని తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వంతెన దగ్గర ఏసుబాబు అడ్డం వచ్చాడు.

"తాగలేదన్న మాట ఏదండీ?"

"అనబోయానయ్యా. ఈలోగా జై కొట్టారు."

"కొట్టారండి. నిన్నటిదాకా తాగుబోతన్నారు, ఇవాళ వీరుడన్నారు. మా నాన్న వీరుడు కాదండీ. ఎక్కనంటే పాలేరుతనం పోతుందని ఎక్కాడు. రేపు ఆ గద్దె మీద ఆయన పేరు కూడా చెక్కిస్తారు. అప్పుడిక ఎవరు జార్చారని ఎవరడుగుతారు?"

పున్నారావు మెడలో దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఏసుబాబు వెంట నడిచాడు. వంతెన దాటి ఆ పల్లెలోకి వెళ్లటం ఆయనకి అదే మొదటిసారి. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి!

రాహేలమ్మ వాకిట్లో చాప వేసి ఉంది. ముసలావిడ కూచుని ఉంది. తలెత్తి చూసింది.

"చిన్నబాబే! కాలవ దాటటానికి ఇన్నేళ్లు పట్టిందా? నీళ్లు ఎక్కువగా ఉన్నాయా ఏంటి?"

"రాహేలమ్మా" అన్నాడు పున్నారావు. ఆవిణ్ణి "అమ్మా" అని పిలవటం కూడా అదే మొదలు. చాప అంచున కూలబడ్డాడు. "నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు కర్రకి ఆముదం..."

"నువ్వు రాశావు" అంది రాహేలమ్మ.

పున్నారావు తలెత్తి చూశాడు.

"ఆయనకి నీళ్లు పోసింది నేనే గదయ్యా. అరచేతులు, తొడలు, పొట్ట, అంతా పసుపే. జిడ్డు. కుంకుడుకాయ వేసి రుద్దినా పోలా. పచ్చటి చేతుల్తోనే పెట్టెలో పెట్టాం. ఆముదం వాసన నాకు తెలీదా? తాగిన వాసనేదో తెలీదా? ఈ రెండూ తెలియంది మీ ఊళ్లోవాళ్లకే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? మీ నాయనకా? నేను చెప్తే మార్కయ్యగారు ఏమన్నాడో తెలుసా? మొగుణ్ణి వెనకేసుకురావటం ఆడదానికి సహజమే అన్నాడు. పెద్దింటి అబ్బాయి వాసన వచ్చిందన్నాక నా ముక్కు ఎవరిక్కావాలి?"

పున్నారావు ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. కాసేపు చూసి, విసుగ్గా, "నాకు చెప్పి ఏం లాభం బాబూ, నాకు తెలిసిందే గదా" అంది. "అదిగో, గుళ్లో దేశం కోసం ప్రార్థన జరుగుతోంది. సంఘమంతా అక్కడే ఉంది. వెళ్లి చెప్పు. ఇక్కడ చప్పట్లు కొట్టరులే."

గుడి నాలుగిళ్ల అవతలే. పున్నారావు చెప్పులు బయట విడిచాడు. దండ గోడ పక్కన పెట్టాడు. లోపల పాట ఆగింది. బల్ల ముందు మార్కు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు. ముసలివాడైపోయాడు గానీ చూపు అదే.

"నా పేరు పున్నారావు. వెంకట్రామయ్య గారి చిన్నబ్బాయిని. దేవదానం తాగలేదు. కర్రకి ఆముదం కలిపిన పసుపు రాసింది నేను. జారుతుందని ఆయన చెప్పాడు. ఎక్కలేవా అని ఎగతాళి చేశాను. పడి చనిపోయాక, వాసన వచ్చిందని అబద్ధం చెప్పాను. నా మీదికి రాకుండా చెప్పాను."

ఇక్కడ నిజంగానే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓ ముసలాయన "ప్రభువా" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో పళ్లు పటపట కొరికారు. మార్కు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అరవలేదు.

"ఆ అమ్మ నాకు అప్పుడే చెప్పింది" అన్నాడు సంఘం వంక తిరిగి. "నేను వినలేదు. కాలవ అవతల నుంచి వచ్చిన మాటే నమ్మాను." ఆ తర్వాత ఆ పెద్ద మనిషే గుమ్మం దిగి, రాహేలమ్మ వాకిట్లోకి వెళ్లి, ఆ చాపని తనే చుట్టి చంకన పెట్టుకుని తెచ్చి, గుళ్లో ముందు వరసలో పరిచాడు.

రాహేలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ పున్నారావు దగ్గర ఆగింది. క్షమించానంటుందేమోనని ఆయన తల వంచాడు.

"వచ్చే ఏడు కూడా రా" అంది. "ఒక్కసారి చెప్తే వీళ్లు మర్చిపోతారు."

పాట మొదలైంది. అవతలి గట్టున మైకు హోరు పెడుతూనే ఉంది. కానీ ఈసారి పాడేది సంఘమంతా.

ఆ తర్వాత ఇసకమూడి జెండా కర్ర బేరం వేరేవాళ్లకి పోయింది. అన్న ఇప్పటికీ తమ్ముడితో మాట్లాడడు. ఏసుబాబు భయపడ్డట్టే గద్దె మీద దేవదానం పేరు చెక్కించారు, 'అమరవీరుడు' అని. పున్నారావు మాత్రం తెనాలిలో జెండాలు ఎగరటం చూసుకుని, దండలూ సన్మానాలూ తప్పించుకుని, ఆ మధ్యాహ్నం రేపల్లె పాసింజరెక్కుతాడు. ఏటా ఆ గుమ్మంలో నిలబడి అవే మాటలు చెప్తాడు. అలవాటైపోతుందనుకున్నాడు. అవలేదు. 'ఎక్కలేవా' అన్న దగ్గర ఏటా ఆగి, మళ్లీ మొదలుపెడతాడు.

డెబ్బై ఎనిమిదిలో జ్వరంతో వెళ్లాడు. ధనలక్ష్మి వద్దన్నా వినలేదు. గొంతు పూర్తిగా పోయింది. గుమ్మం పట్టుకుని ఎలాగో చెప్పి, తిరిగి వెళ్లబోతున్నాడు.

ముందు వరసలో చాప మీద నుంచి రాహేలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"వినపళ్లేదు చిన్నబాబూ. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు.